చెయ్యి ఊపితే వెలిగే లైటు

ఎలీసమ్మ ఇరవై రెండేళ్లుగా గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు తీస్తోంది. పొద్దుగూకి ఇంటికొచ్చాక చేత్తో దేన్నీ ముట్టుకోదు. తలుపు భుజంతో నెడుతుంది. చెంప మీద దోమ వాలితే జాకెట్టు చేతికేసి రాసుకుంటుంది. నీళ్లతో కడిగితే పోయే మంట కాదది. అరగంట మజ్జిగలో చేతులు నానబెట్టి, తలారా స్నానం చేస్తేగానీ ఆమె మళ్లీ మనుషుల్లో పడదు.

పెరట్లోని స్నానాలగదికి కిటికీ లేదు. స్విచ్చి బయట గోడకు ఉంది. భర్త అంకయ్య ఆరడుగుల మనిషి, ఇల్లు కట్టేప్పుడు బోర్డు తన ఎత్తుకు పెట్టించాడు. ఎలీసమ్మ మోచెయ్యి దానికి అందదు. అందాల్సిన అవసరమూ రాలేదు. "ఏవయ్యో, లైటు!" అని కేకేస్తే అతనే వచ్చి వేసేవాడు.

నాలుగేళ్ల కిందట అతను పోయాడు. మళ్లీ పనికి వెళ్లిన మొదటి సాయంత్రం అలవాటున అదే కేక వేసి, గుర్తొచ్చి, చీకట్లో నిలబడిపోయింది. పక్కింటి రాఘవమ్మ వచ్చి లైటు వేసింది. మర్నాడు చెంబుతో మజ్జిగ కూడా తెచ్చింది.

అప్పట్నుంచీ రోజూ అంతే. ఓరవాకిలిగా వేసిన తలుపుకు లోపల పీట మీద ఎలీసమ్మ, బయట మెట్టు మీద రాఘవమ్మ. కోడలు పప్పులో ఉప్పెక్కువ వేసిందనీ, మోకాలు పట్టేసిందనీ రాఘవమ్మ చెప్పుకుపోయేది. ఎలీసమ్మ ఊకొట్టేది. కోల్డ్ స్టోరేజీలో అందరూ ముక్కుకు గుడ్డలు కట్టుకుని వంచిన తల ఎత్తకుండా పనిచేస్తారు. రోజు మొత్తంలో ఆమెతో మాట్లాడే గొంతు ఇదొక్కటే.

ఈ మార్చిలో రాఘవమ్మ కంటి ఆపరేషనుకు వెళ్లి పది రోజులు కూతురింట్లో ఉండిపోయింది. ఆ పది రోజులూ ఎలీసమ్మ మునివేళ్ల మీద లేచి, ఆ మిరప చేత్తోనే స్విచ్చి నొక్కుకుంది. తుడవాలని తోచలేదు. తిరిగొచ్చిన సాయంత్రం రాఘవమ్మ లైటు వేసి, నీరు కారుతున్న కంటిని అదే వేలితో ఒత్తుకుంది.

"అమ్మో, నా కన్ను!"

డాక్టరు కడిగి మందేశాడు కాబట్టి ప్రమాదం తప్పింది. "ఉప్పూకారం పెట్టి వదిలేశావు, ఇంక వేయించుకు తినడమే తక్కువ గదే!" అని రాఘవమ్మ నవ్వేసింది. ఎలీసమ్మ నవ్వలేకపోయింది. స్విచ్చి ముట్టే పనే లేకుండా చేస్తే అక్కకు ఏ భయమూ ఉండదు, నిశ్చింతగా వచ్చి కూర్చుంటుంది అనుకుంది. మర్నాడే వైరింగు పనిచేసే గౌస్ బాషాను పిలిపించింది.

అతను తలుపు పైన గుండ్రటి తెల్ల డబ్బా ఒకటి బిగించాడు. "గుమ్మంలో కాలు పెడితే వెలిగిద్ది. కదలకుండా కూర్చుంటే రెండు నిమిషాల్లో ఆరిపోయిద్ది. చెయ్యూపావంటే మళ్లీ వచ్చిద్ది."

చూడ్డానికొచ్చిన రాఘవమ్మ లోపలికి చెయ్యి చాపి ఊపింది. లైటు వెలగ్గానే పకపకా నవ్వింది. "పుణ్యం కట్టుకున్నావురా బాషా! నా కన్నూ బతికింది, రోజూ అరవకుండా దీని గొంతూ బతికింది."

ఆ సాయంత్రం ఎలీసమ్మ కాలు పెట్టగానే లైటు వెలిగింది. కేక వేయాల్సిన పని లేకపోయింది. మజ్జిగ చెంబు పిట్టగోడ మీద మూతపెట్టి ఉంది. ఆమె తలుపు ఓరగానే ఉంచింది. అరగంట గడిచింది. మెట్టు మీద ఎవరూ లేరు.

మర్నాడూ అంతే. చెంబు మాత్రం ఏ రోజూ తప్పలేదు.

ఎనిమిదో రోజు చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టి, ఏదో ఆలోచనలో కదలకుండా కూర్చుంది. లైటు ఆరిపోయింది. గోడ అవతల టీవీ మోగుతోంది. కాసేపు తటపటాయించి కేకేసింది.

"అక్కా! లైటు పోయింది!"

టీవీ గొంతు తగ్గింది.

"బొమ్మలా కూర్చుంటే పోదటే? బాషా చెప్పలా? చెయ్యూపవే!"

గోడ అవతల్నుంచే రాఘవమ్మ మళ్లీ అడిగింది.

"ఊపావా?"

"ఊపానక్కా."

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఇంకేం, హాయిగా పోసుకో!"

టీవీ మళ్లీ పెద్దదైంది. ఎలీసమ్మ మజ్జిగలోంచి చేతులు తీయలేదు. మెడైనా తిప్పకుండా, మెట్టున్న వైపే చూస్తూ, ఆ చీకట్లోనే కూర్చుంది.