సముద్రంలో కట్టిన అంట్లు

మన్నారు సింధుశాఖలో పగడపు దిబ్బలను మళ్ళీ పెంచే బృందంలో నేను సాంకేతిక సహాయకుణ్ణి. బతికున్న పగడపు కొమ్మ నుంచి వేలెడంత ముక్క తీసి, సముద్రం అడుగున దించిన సిమెంటు పలకకు కడతాం. పట్టు దొరికితే ముక్క కొమ్మవుతుంది. ఆగిరిపల్లి దగ్గర మామిడి తోట చేసే మా నాన్నకు ఇది చెప్పడం కష్టం కాలేదు. "అంటు కట్టడమేగా" అన్నాడు. అప్పటినుంచి తోటకొచ్చిన వాళ్ళందరికీ, మావాడు సముద్రంలో అంట్లు కడతాడని చెప్పుకునేవాడు.

ఈ వేసవి కోతలకు సెలవు పెట్టి వచ్చాను. రెండేళ్ళుగా నేను కట్టిన వరుసలు అక్కడ, ఈ ఏడు మామూలుకన్నా వేడెక్కిన సముద్రపు నీళ్ళలో ఉన్నాయి. తట్టుకుంటాయో లేదో తెలియదు. ఒక మధ్యాహ్నం నాతో పనిచేసే మిత్రుడు ఫొటో పంపాడు. వరుసలన్నీ తెల్లగా ఉన్నాయి. నేను ఏమీ అనకముందే నాన్న ఫోను తీసుకుని, కాయలు కొనడానికొచ్చిన వ్యాపారికి చూపించాడు.

"పూత చూడండి. ఒక్క కొమ్మ వదల్లేదు."

"కాయ దిగితే మాకే ఇవ్వాలండోయ్. బేరం పడవలో మాట్లాడుకుందాం" అన్నాడాయన.

వ్యాపారి వెళ్ళేదాకా ఆగి చెప్పాను. పగడానికి రంగూ తిండీ ఇచ్చేది దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు. నీళ్ళు మరీ వేడెక్కితే పగడం దాన్ని బయటకు నెట్టేస్తుంది. ఆ తెలుపు ఆకలికి గుర్తు. వేడి త్వరగా తగ్గితే కోలుకోవచ్చు.

"బూడిద తెగులు లాంటిదన్నమాట. గంధకం కొట్టరా?" అని అడిగాడు నాన్న.

మందు లేదన్నాను. ఆ మాట ఆయనకు నచ్చలేదు. ఆ నీళ్ళలో ఇంకేం కలుస్తాయని అడిగితే చెప్పాను: ఊళ్ళ మురుగు, పొలాల ఎరువు, కాలవల బురద, తెగిన వలలు. అవి చేరిన చోట నీరసించిన పగడం లేవడం ఇంకా కష్టం. మనం కొట్టే మందులు కూడానా అన్నాడు. వానకు కొట్టుకుపోయినవి ఏదో ఒక సముద్రానికే చేరతాయన్నాను.

తర్వాత రోజూ పొద్దున్నే, కాయ ధర కనుక్కోవడానికి ముందే నా ఫోను అడిగేవాడు.

కోత చివరికొచ్చాక రెండో ఫొటో వచ్చింది. పలకల నిండా ఆకుపచ్చ. ఆయన ముఖం విప్పారింది. కళ్ళజోడు పెట్టుకుని, బొమ్మ పెద్దది చేసి, ఒక్కో వరుసా జరుపుతూ చూశాడు. ఒకచోట వేలు ఆగిపోయింది.

"ఇది చిగురు కాదు కదరా?"

"కాదు నాన్నా. చచ్చిన పగడం మీద పట్టిన పాచి."

మళ్ళీ కడతారా అని అడిగాడు. నీళ్ళు చల్లబడ్డాక, ముక్క తీయడానికి బతికున్న కొమ్మ దొరికితే కడతామన్నాను.

"ఉందా అక్కడ?"

ఆ ప్రశ్నే నేను పొద్దున మిత్రుడికి పంపాను. వెతుకుతున్నామని మాత్రం రాశాడు.