గురక ఆగితే తాడు లాగాలి

"సర్వీసులో ఉండగా ఈ నిద్ర సమస్య గురించి ఒక్కసారైనా రిపోర్టు చేశారా?" అని అప్పీలు బోర్డులో డాక్టరు అడిగారు.

"లేదు సార్" అన్నాను.

అంతే. ఇంకో ప్రశ్న లేదు. కొన్ని వారాలకు కెలవరపల్లిలో మా ఇంటికి ఉత్తరం వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, స్లీప్ ఆప్నియా, నాకు ఉందని ఒప్పుకున్నారు. అది సైనిక సేవ వల్ల రాలేదట, సేవ వల్ల పెరగనూ లేదట. శాంతి ప్రాంతంలో, అంటే సరిహద్దుకు దూరంగా ఉన్న పోస్టింగులో, బయటపడిందట. కారణం జీవనశైలి. కాబట్టి వైకల్య పింఛను లేదు.

ఆ "లేదు సార్" అనడం నేను ఎక్కడ నేర్చుకున్నానో ఎవరూ అడగలేదు.

ఒక అక్టోబరు చివర సరిహద్దు కొండ మీది పోస్టుకు చేరాను. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. బండి దిగాక మూడు గంటల నడక. వీపున మూట, భుజాన రైఫిల్, చేతిలో కిరోసిన్ డబ్బా. బంకరు రాళ్ళతో, ఇసుక మూటలతో కట్టింది. లోపల ఎనిమిది మందిమి, మధ్యలో కిరోసిన్‌తో మండే ఇనుప పొయ్యి. మంచు కరిగించుకుని తాగాలి. డబ్బా పప్పు, ఎండు రొట్టె తిండి. అప్పుడు నా బరువు అరవై ఒక్క కిలోలు. జీవనశైలి అని రాసినవారు ఇదొకసారి చదవాలి.

రాత్రి కాపలా, పగలు నిద్ర. మొదటి వారంలోనే నా గురకకు పేరొచ్చింది.

"ఈ జనరేటర్ని ఎవడు మోసుకొచ్చాడు?" అన్నాడు పోస్టు కమాండరు. ఆయన గఢ్వాలీ హవల్దారు. "అవతలివాడు ఈ చప్పుడు పట్టుకుని గురి చూస్తాడు."

"జనరేటరైతే ఒక బల్బన్నా వెలిగేది సాబ్" అన్నాడు వంటవాడు.

టెంటు తాడు ముక్క ఒకటి నా ఎడమ చీలమండకు కట్టారు. రెండో కొస వాకిలి గోనె తెర కింద నుంచి బయట సెంట్రీ చేతికి. గురక పెరిగితే లాగాలి. అది ఆర్డరు.

ఆ ఆర్డరును మార్పించింది రేడియో ఆపరేటరు. కుప్పం వైపు మనిషి, ర్యాంకు నాయక్. సెట్టు పక్కనే నా పడక. ఒక మధ్యాహ్నం రెండు చేతులతో నన్ను పట్టి కుదిపాడు.

"ఏమప్పా, ఊపిరి తీసుకోవాలనేదే మరిచిపోయినావా?"

"గురక పెట్టినానా?"

"గురక పెడితే నాకేం కష్టం. అది నిలిచిపోయె. కింద నుంచి వచ్చిన మెసేజ్ మొత్తం రాసుకునేదాకా నువ్వు ఊపిరి తీయలేదు. పోయేదైతే ఒగ కాయితం మీద సంతకం పెట్టి పోప్పా, మీ ఇంటికి నేను జాబు రాయాల్సి వస్తాది."

నవ్వుతూనే అన్నాడు. చేతులు మాత్రం నా భుజాల మీద నుంచి తీయలేదు. ఆ సాయంత్రం హవల్దారు కొత్త ఆర్డరిచ్చాడు. గురక వస్తే వదిలేయండి, ఆగితే లాగండి. బయట గాలి హోరులో సెంట్రీకి వినపడదని ఆపరేటరు ఆ కొసను తన మోకాలికి కట్టుకున్నాడు.

మరి రిపోర్టు ఎందుకు చేయలేదు? వైద్య పరీక్షకు మమ్మల్ని విడతలుగా కింద బేస్ క్యాంపుకు దింపేవారు. వరసలో నిలబడాలి. "ఏమైనా ఇబ్బంది?" "లేదు సార్." తర్వాతివాడు. "ఇబ్బంది?" "లేదు సార్." బయలుదేరే ముందు హవల్దారు ఒకే మాట చెప్పేవాడు: "ఒకడు దిగిపోతే ఎనిమిది మంది కాపలా ఏడుగురు కాయాలి." ఇబ్బంది ఉందన్నవాడికి పని ఎగ్గొట్టేవాడని పేరు. నా వెనక నిలబడ్డ ఆపరేటరు చెప్పమని నా వీపులో వేలితో పొడిచాడు. నా వంతు వచ్చింది.

"లేదు సార్."

అలా అనేవాణ్ణే సైన్యం మంచి సైనికుడంది. అదే మాటను ఇప్పుడు నా మీద సాక్ష్యంగా పెట్టింది.

చివరి పోస్టింగులో, మైదానంలోని ఆసుపత్రిలో, ఒంటికి వైర్లు తగిలించి పడుకోబెట్టినప్పుడు జబ్బు కాగితం మీదికి ఎక్కింది. శాంతి ప్రాంతంలో బయటపడింది అంటే అర్థం ఇదే. అక్కడ యంత్రం ఉంది. కొండ మీద యంత్రం లేదు, తాడు ఉంది.

పదవీ విరమణ చేసి ఊరికొచ్చాను. హోసూరులో ఒక కంపెనీ బస్సు నడిపే పని ఖాయమైంది. వైద్య కాగితాలు చూసి వద్దన్నారు. స్టీరింగు మీద కునికితే బస్సులో ఉన్నవాళ్ళ గతేమిటి? వాళ్ళను తప్పుపట్టను. కానీ ఈ జబ్బు పని ఇవ్వకపోవడానికి సరిపోయింది, పింఛనుకు మాత్రం సరిపోలేదు.

కృష్ణగిరి బస్టాండు దగ్గర టీ కొట్టులో ఒక రిటైర్డు సుబేదారు కూర్చుంటారు. మాలాంటివాళ్ళకు అప్పీళ్ళు రాసి పెడతారు. ఉత్తరం చదివి కళ్ళద్దాలు తీశారు.

"చేరినప్పుడు నీకేమీ లేదని వాళ్ళే రాసినారు గదప్పా. చేరినాక వచ్చిన జబ్బు సర్వీసుది కాదంటే, ఎందుకు కాదో వాళ్ళు చెప్పల్ల."

"చెప్పినారు కదా సార్, జీవనశైలి అని."

"ఎవురి శైలి? డబ్బా పప్పు నువ్వు ఇష్టపడి తింటివా?" టీ గ్లాసు పక్కకు జరిపారు. "చూసినోడు ఎవురన్నా ఉండాడా?"

ఉన్నాడు. కబురందగానే ఆపరేటరు కుప్పం నుంచి వచ్చాడు. తాడు సంగతి మొత్తం చెప్పి, ప్రమాణ పత్రం మీద సంతకం చేశాడు. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. నా భార్య మునెమ్మ అతనికి సంగటి వడ్డిస్తూ అంది:

"ఆ కొండ నుంచి వచ్చిన మొదటి సెలవులోనే నేను చూసినానన్నా. లేపి లేపి నా చెయ్యి నొచ్చింది. ఆ బోర్డు సార్లను ఒక్క పూట ఈడికి రమ్మను. కాఫీ ఇస్తాను. ఆయప్ప పక్కన కూచోని చూసి పోనీ."

ఆపరేటరు నవ్వలేదు. "నిలిచిపోతే ఇప్పుడు ఎవురు లాగేదిమ్మా?" అని అడిగాడు.

"నేనే."

ఆ కొండ గురించి అడిగేవాళ్ళు మంచు గురించి, కాల్పుల గురించి అడుగుతారు. నాకు మిగిలింది వేరే. కాలికి పడిన ఒక గుంజుడు. కళ్ళు తెరిస్తే సెట్టు ముందు వంగి కూర్చున్న మనిషి, మోకాలికి తాడు. హెడ్‌ఫోన్ ఒక చెవి మీదే ఉంది. రెండో చెవి ఖాళీగా నా వైపు తిరిగి ఉంది.

రెండో అప్పీలు ఇప్పుడు సైనిక ట్రిబ్యునల్‌లో ఉంది. ఇన్నేళ్ళ తర్వాత రాసిన వాంగ్మూలాన్ని లెక్కలోకి తీసుకోకూడదని ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పారు. ఆపరేటరును పిలిచి వింటారో లేదో ఇప్పటికీ చెప్పలేదు.