గొలుసు మీద పాదం

గ్రీసులో ఒక దీవి దగ్గర మా చిన్న తెరచాప పడవ ఆగిన సాయంత్రం అది. ఆ ఇసుక తీరానికి కొండల అడ్డం లేదు. గాలి సముద్రం మీద నుంచి నేరుగా ఒడ్డుకు కొడుతోంది. నాకేమో ఈత రాదు.

"ఇంకింత ఒడ్డు దిక్కు పోదాం," అని గోల పెట్టాను.

"ఒడ్డు దగ్గర్నే భయం అక్కా. లంగరు జారితే సీదా పోయి ఇసుకల కూరుకపోతం," అన్నాడు మల్లేశ్. పడవలో పనిచేసే అతనిది మరిపెడ, నాది హన్మకొండ. అంత దూరంలో 'అక్కా' అన్న పిలుపుకే నాకు సగం ధైర్యం వచ్చింది.

లంగరు వేశాక ముసలి గ్రీకు కెప్టెన్ పడవను వెనక్కి నడిపి లంగరు గొలుసు బిగించాడు. మల్లేశ్ చెప్పులు విడిచి గొలుసు మీద పాదం ఆనించాడు. లంగరు జారుతుంటే గొలుసు అదురుతుందట.

"మా బాపు పైపు మీద చెయ్యి పెట్టి బోరుల నీళ్ళు వస్తానయో లేదో చెప్పేటోడు. గిది గూడ గంతే. ఫికర్ లేదక్కా, గట్టిగ పట్టింది."

తర్వాత వంగి గొలుసును ముట్టుకుని, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. కాలు తగిలినందుకు మనమందరం చేసే పనే.

ఇంతలో కెప్టెన్ వచ్చి తనూ పాదం ఆనించి చూశాడు. ఆయన కూడా వంగి, గొలుసు ముట్టుకుని, కళ్ళకద్దుకున్నాడు!

"నువ్వు నేర్పినవా?" అని అడిగాను.

"లేదక్కా. నన్ను చూసి చూసి ఆయనే నేర్చుకున్నడు. మొన్నొకపారి నేను మర్చిపోతే, మళ్ళ పిలిచి మొక్కిచ్చిండు."

నేనూ చెప్పులు విడిచాను.