ఎడమచేతి గడ్డ

మనవరాలు నర్సరీ నుంచి ఒక తీగ తెచ్చి కుండీలో నాటింది. మంటలా పైకి లేచిన ఆ ఎర్రటి పువ్వు చూడగానే గుర్తుపట్టాను. మన ఈడువాళ్లకు గుర్తుందా, గడ్డనిండా విషముండే అడవినాభి?

నిజాం రోజుల్లో, కోస్గి దగ్గర మా ఊళ్లో, మా అవ్వ దాన్ని గొర్రెలు నోరు పెట్టకుండా ముళ్లకంచె అవతల పెంచేది. ఎవరికైనా తేలు కుడితే దాని గడ్డ అరగదీసి రాసేది. గడ్డ తవ్వేటప్పుడల్లా నాకు ఒకటే మాట: "ఎడమ చేత్తోనే పట్టు బిడ్డా. కుడిచెయ్యి బువ్వ తినే చెయ్యి."

ఒకరోజు అలాగే పట్టుకొచ్చి ఇచ్చాను. ఆకలికి ఆగలేక, చాటుగా జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. అవ్వ చేతిలోని చెంబు జారిపడింది.

"ఏ చేత్తోని తింటున్నవే!"

నాది ఎడమచేతివాటం. తిడతారని నలుగురి ముందు మాత్రం కుడిచేత్తో తినేదాన్ని.

అవ్వ నా గొంతులో వేలు పెట్టి కక్కించింది. బూడిదతో చెయ్యి తోమింది. పొద్దుగూకేదాకా అడుగుతూనే ఉంది: "కడుపుల మండుతాందా? జర చెప్పు బిడ్డా."

నిన్న మనవరాలి కూతురు ఆ పువ్వు తెంపబోయింది. గబుక్కున దాని చెయ్యి పట్టుకున్నాను.

ఎడమ చెయ్యి.