సోమల ఆమె వేలిముద్ర

నా దగ్గర ఎవరైనా వేలిముద్ర వేయబోతే, ముందు కాగితమంతా చదివి వినిపిస్తాను. ఆ అలవాటు ఒక బస్సులో మొదలైంది.

రెండువేల నాలుగు ప్రాంతం. పుంగనూరులో బస్సెక్కి మదనపల్లె కోర్టుకు వెళ్తున్నాను. నా చేతిమీది నల్లకోటు చూసి, పక్కన కూర్చున్న సోమల ఊరి ఆమె మాట కలిపింది. ఇంటిపని అని చెప్పి ఒక ఏజెంటు ఒప్పుదల కాగితంమీద ఈమె వేలిముద్ర తీసుకుని, కూతుర్ని కువైట్ పంపించాడట. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని ఇంకెవరికో అమ్మేశారట.

"టేషన్లో కేసు రాసుకోలేదప్పా. ఒప్పుకొని ఏలిముద్ర ఏసింది నువ్వే కదా అంటాండారు."

కొత్త లాయర్ని, తెలిసింది చెప్పకుండా ఉండలేకపోయాను. మనుషుల్ని అమ్మే కేసుల్లో మోసంతో తీసుకున్న ఒప్పుదల చెల్లదని చాలా దేశాలు ఒప్పందం రాసుకున్నాయనీ, మన ఢిల్లీవాళ్లూ సంతకం పెట్టారనీ చెప్పాను.

ఆమె చటుక్కున నా వైపు తిరిగింది. "ఆ కాగితం టేషన్లో సూపిస్తే?"

"దానికి తగ్గట్టు ఇక్కడ చట్టం మార్చలేదమ్మా. అంతవరకూ ఆ సంతకం స్టేషన్లో పనికిరాదు."

ఆమె తన బొటనవేలిని చీర కొంగుతో గట్టిగా తుడిచింది. దానిమీద సిరా మరకేమీ లేదు.

"నా ఏలిముద్ర మాత్రం ఏసిన పొద్దే పనికొచ్చె కదప్పా," అంది.