మాట మార్చిన అంపైర్ సార్

"అక్కా, బాపు పోయిండు."

మొన్న పొద్దున జగిత్యాల నుంచి సార్ కూతురు ఫోన్ చేసింది. నాకు బేస్‌బాల్ అంపైరింగ్ నేర్పిన సార్ ఇక లేరు.

సార్ జగిత్యాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆట ముగిశాక అంపైర్లమందరం చాయ్ కోసం వెతుక్కుంటుంటే ఆయన మమ్మల్ని ఆపేవారు. "నేనేడ తప్పు జేసిన్నో ముందుగాల చెప్పుండ్రి." "తప్పేం లేదు సార్" అంటే కోపం వచ్చేది. "ఆడెటోళ్లకు ప్రాక్టీసుంటది. మనకొద్దా?" అనేవారు.

ఆయన్ని తలచుకుంటే నాకు కోరుట్ల మైదానమే కళ్ల ముందుకొస్తుంది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. బందుల వల్ల వాయిదా పడుతూ వచ్చిన ఫైనల్, జగిత్యాలకూ సిరిసిల్లకూ. ర్యాలీ నుంచి నేరుగా వచ్చిన యువకులు జెండాలతో మైదానం చుట్టూ నిలబడ్డారు. పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ వెనుక సార్, మూడో బేస్ దగ్గర నేను అంపైర్లం.

స్కోరు సమానం. చివరి ఇన్నింగ్స్. ఇంకొక్క పరుగు వస్తే సిరిసిల్ల గెలిచినట్టే. సిరిసిల్ల అబ్బాయి ప్లేట్ మీదికి జారుతూ వచ్చాడు. జగిత్యాల క్యాచర్ బంతితో అతన్ని తాకాడు; బంతి చేజారకుండా తాకితేనే ఔట్. దుమ్ము లేచింది.

"ఔట్!" అన్నారు సార్.

జగిత్యాల వాళ్లు ఈలలు వేశారు. "బాల్ కింద పడ్డది సార్!" అని సిరిసిల్ల పిల్లలు మొత్తుకున్నారు. సార్ చెయ్యెత్తి ఆట ఆపి, నా దగ్గరికి వచ్చారు.

"క్యాచర్ వీపు అడ్డమచ్చింది. నాకు బాల్ కనవడలే. నువ్వేం జూసినవ్ బిడ్డా?"

జనం గీత దాటి లోపలికి వస్తున్నారు.

"తాకంగనే చేతిల నుంచి జారింది సార్."

"మంచిగ జూసినవా?"

"చూసిన సార్."

ఆయన ప్లేట్ దగ్గరికి తిరిగి వెళ్లి రెండు చేతులూ చాచారు. "సేఫ్!" పరుగు చెల్లింది, సిరిసిల్ల గెలిచింది.

క్షణంలో జగిత్యాల వాళ్లు చుట్టుముట్టారు. ఒకడు సార్ కాలర్ పట్టుకున్నాడు. "మనూరోనివై గిట్ల జేస్తవా? ద్రోహి!"

ఆ రోజుల్లో ఆ మాట వెనకే రాళ్లు వచ్చేవి. సార్ మాత్రం కాలర్ విడిపించుకోలేదు.

"ముందుగాల ఔటిచ్చుడే నా తప్పు. కొడితే నన్ను కొట్టు. గా సిరిసిల్ల పోరన్ని ముట్టకు."

అప్పుడు జగిత్యాల క్యాచరే వచ్చి మధ్యలో నిలబడ్డాడు. "నిజంగనే జారింది అన్నా," అన్నాడు తలదించుకుని. కాలర్ మీది చెయ్యి మెల్లగా సడలింది.

ఆ వారంలోనే సార్ నన్ను జగిత్యాల మైదానానికి పిలిపించారు. నన్ను క్యాచర్‌లా కూర్చోబెట్టి, కూతురిని పరుగెత్తుకొచ్చి జారమన్నారు. మోకాళ్లు గీసుకుపోయి ఆమె "ఇగ చాలు బాపూ" అన్నా వినలేదు.

"సార్, మనం సరిగ్గనే ఇచ్చినం గద," అన్నాను.

"నువ్వు జూసినవ్ గాబట్టి సరిపోయింది. నువ్వాడ లేకుంటే?"

కాలర్ పట్టుకున్నప్పుడు కూడా కనపడని భయం అప్పుడు ఆయన ముఖంలో చూశాను. "ఇంకోసారి ఉరుకు బిడ్డా," అన్నారు కూతురితో. ఎండ ముదిరింది. జారివస్తున్న కూతురి పాదాలూ, నా చేతిలోని బంతీ ఒకేసారి కనిపించే చోటు కోసం, ఆయన నడుము వంచి, కొద్దికొద్దిగా పక్కకు జరుగుతూనే ఉన్నారు.