వెంట్రుకకంటే సన్నని మోటారు

అనంతపురంలో మా ల్యాబు మేడ మీద, పడమటెండకు ఎదురుగా ఉంటుంది. ఆ గదిలో కార్బన్ నానోట్యూబులతో, అంటే కంటికి ఆననంత సన్నని కార్బన్ గొట్టాలతో, దారం పేని మోటారు చేయాలని నా పంతం. వెంట్రుకకంటే సన్నని ఆ దారానికి గట్టిగా పురిపెట్టి, సగం పొడవునా మైనం ఇంకించి, రెండు కొసలూ బిగించి, నడుమ చిన్న రెక్క అంటించాలి. కరెంటు ఇస్తే మైనం వేడికి ఉబ్బి పురి విడుతుంది, రెక్క తిరుగుతుంది. కరెంటు తీస్తే వెనక్కి తిరుగుతుంది. చెప్పడానికి ఇంతే.

చేయడానికి మాత్రం నా ప్రాణం తోడేసింది. నానోట్యూబులు మొలిపించిన నల్లటి పలక మీంచి వాటిని పల్చటి పొరగా లాగి పేనాలి. లాగగానే ఆ పొర ఎగిరి వేళ్లకో, ప్లాస్టిక్ మూతకో అంటుకుని చిరిగిపోయేది. మా గైడుగారు గుత్తి వైపు మనిషి, మాట కొట్టినట్టే ఉంటుంది.

"శనివారం దాకా చూస్తా. తిరగలేదంటే టాపిక్ మార్చుకోమ్మా" అన్నారు.

మూడేళ్ల పీహెచ్‌డీ పని నాది. ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం బీరువా పిడి ముట్టుకుంటే చిటుక్కుమని షాక్ కొట్టింది. ఛీ, ఎంత మొద్దును! పొడిగాలికి పొర కూడా ఇట్లాగే చార్జి ఎక్కి ఎగురుతోంది. మాది ధర్మవరంలో మగ్గం ఉన్న ఇల్లు. ఎండాకాలం పట్టుపోగులు పెళుసెక్కి తెగుతాయని, మగ్గం కింది గుంటలో నీళ్లు చల్లకుండా అమ్మ నేతకు కూర్చోదు. నేనేమో తేమ తగిలితే పొర పాడవుతుందని గదిలోకి నీటిచుక్క రాకుండా కాపలా కాస్తున్నాను.

ట్యాంకరు వస్తే తప్ప నీళ్లుండని కాలేజీ మాది. అయినా రెండు బకెట్లు మోసుకొచ్చి, గాలికి తేమ పట్టి చార్జి దిగిపోవాలని గోనెపట్టలు తడిపి నేలంతా పరిచాను. గైడుగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"తాగేదానికే నీళ్లు లేవు, నువ్వు నేలకు పోస్తాండావా?"

"మగ్గానికి పోస్తాండా సార్" అన్నాను.

ఏమనుకున్నారో, చెప్పులు విప్పి లోపలికి వచ్చారు.

ఆ రోజు పొర చెప్పినట్టు విన్నది. దారం తెగలేదు. మైనం పట్టించి, రెక్క అంటించి, శనివారం పొద్దున స్విచ్చి వేశాను. మైక్రోస్కోపు తెర మీద రెక్క గిర్రున తిరిగింది. ఆపితే వెనక్కి వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ తిరిగింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. గెలిచాను, సిగ్గెందుకు!

గైడుగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏ టాపిక్‌కు మారమంటారు సార్?" అన్నాను, కావాలనే.

"ఎవరమ్మా మారమన్నది, నేనా?" అంటూ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు. "ముందు ఇంగోసారి తిప్పు."

తిప్పాను. మధ్యాహ్నం దాకా ఆయన లేవలేదు, నేనూ ఆపలేదు.